పాయింట్లు ఆగితే ‘పేజీ హ్యాంగ్ అయింది’ అంటున్నారు: ఆన్‌లైన్‌లో ఎక్స్‌టింక్షన్, రిసర్జెన్స్ ప్రయోగం ఎలా కట్టాలి?

మీటనొక్కు (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారమండీ. నేర్చుకున్న అలవాటు ప్రతిఫలం ఆగాక ఆగిపోవడం (ఎక్స్‌టింక్షన్), మళ్ళీ తిరగబెట్టడం (రిసర్జెన్స్) మీద బ్రౌజర్‌లో నడిచే మూడు దశల ప్రయోగం కడుతున్నాం. బ్రౌజర్ ప్రయోగాలు రాసే జేఎస్‌సైక్ లైబ్రరీలో రాశాం. తెర మీద ఎరుపు, నీలం రెండు బటన్లు. మొదటి దశలో ఎరుపు నొక్కితే సగటున 3 సెకన్లకోసారి 10 పాయింట్లు. రెండో దశలో ఎరుపుకి ఏమీ రాదు, నీలానికి అదే లెక్కన వస్తుంది. మూడో దశలో రెండింటికీ రాదు. ఒక్కో దశ 3 నిమిషాలు. ప్రతి నొక్కుకీ 1 పాయింటు కోత. చివర్లో పాయింట్లను బట్టి బోనస్. మనుషుల్ని ప్రొలిఫిక్, మెకానికల్ టర్క్ అనే, డబ్బుకి ఆన్‌లైన్ పనులు చేసేవాళ్ళు దొరికే సైట్ల నుంచి తీసుకుంటాం.

చిక్కు ఎక్కడంటే, మూడో దశ మొదలైన అరనిమిషంలోనే కొందరు రీఫ్రెష్ కొడుతున్నారు. ‘మీ పేజీ హ్యాంగ్ అయింది’ అని మెసేజ్ పెడుతున్నారు. ఆ అరనిమిషంలోనే ఎరుపు నొక్కులు పెరుగుతున్నాయి. పాత అలవాటు తిరగబెట్టడమా ఇది, పేజీ పనిచేస్తోందో లేదో చూద్దామని అన్నీ నొక్కడమా? రెండింటినీ ఎలా విడదీయాలి?

పావురంగూడు

ప్రశ్న సరిగ్గా పట్టుకున్నారు. రెండు బటన్లతో దీనికి జవాబు రాదు. మూడోది పెట్టండి. బూడిద రంగు బటన్, మొదటి దశ నుంచి చివరిదాకా తెర మీదే ఉండాలి, ఏ దశలోనూ దానికి పాయింట్లు రాకూడదు. పునర్బలనం (ఇక్కడ పాయింట్లు ఇవ్వడం) ఆగగానే ప్రవర్తనలో వైవిధ్యం పెరగడం ఎక్స్‌టింక్షన్ లక్షణమే. ‘ఇది పనిచేయట్లేదు, అది నొక్కి చూద్దాం’ అనుకోవడం పావురానికైనా మనిషికైనా ఒకటే. అలా వెతుకుతున్నవాళ్ళు బూడిదనీ నొక్కుతారు. ఎరుపుకి పూర్వచరిత్ర ఉంది, బూడిదకి లేదు. కాబట్టి ఎరుపు ఎంత పెరిగిందన్నది మాత్రమే చూస్తే సరిపోదు. బూడిద కన్నా ఎంత ఎక్కువ పెరిగిందో అదీ రిసర్జెన్స్. ప్రవర్తన శాస్త్రవేత్త ఎప్‌స్టీన్ 1983లో పావురాలతో రిసర్జెన్స్‌ని చూపించినప్పటి నుంచీ ఈ వాదన నడుస్తూనే ఉంది. ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే ల్యాబ్‌లో పేజీ చెడిపోయిందన్న అనుమానం ఇంత త్వరగా రాదు.

మూడు బటన్ల రంగులు, స్థానాలు ఒక్కొక్కరికి ఒక్కోలా మార్చండి. మధ్యలో ఉన్నదాన్ని జనం ఊరికే ఎక్కువ నొక్కుతారు. మూడింటినీ తెర కేంద్రం నుంచి సమాన దూరంలో త్రిభుజంలా పెడితే మంచిది.

ఇంకో సమూహం కూడా కావాలి. వాళ్ళకి మూడో దశలోనూ నీలానికి పాయింట్లు వస్తూనే ఉండాలి. అది లేకపోతే ఎరుపు పెరుగుదల కాలం గడిచినందువల్ల వచ్చిందా, నీలం ఆగినందువల్ల వచ్చిందా అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇక మీ కోత లెక్క. అది తప్పు, కాస్త చూసుకోండి. 180 సెకన్లు, సగటున 3 సెకన్లకోసారి అంటే మహా అయితే 60 సార్లు పాయింట్లు వస్తాయి, అంటే 600. సెకనుకి 4 సార్లు నొక్కే మనిషి 720 నొక్కులు నొక్కుతాడు, 720 పోతాయి. మొదటి దశలోనే 120 నష్టం! చెయ్యి చురుగ్గా ఉన్నవాళ్ళని మీరు పునర్బలనం పేరుతో శిక్షిస్తున్నారు. ఒక్కోసారికి 100 పాయింట్లు ఇవ్వండి. అప్పుడు అదే మనిషికి 6000 వచ్చి 720 పోతాయి.

టిక్‌టిక్

పేజీ హ్యాంగ్ సంగతి నేను చెప్తాను. ఎక్స్‌టింక్షన్ దశలో తెర మీద కదలిక ఏదీ లేకపోతే అది చచ్చిన పేజీలాగే కనిపిస్తుంది. పాయింట్లు ఆగాలి గానీ తెర ఆగకూడదు. నొక్కిన ప్రతిసారీ, ఏ బటనైనా, ఏ దశైనా, బటన్ 80 మిల్లీసెకన్లు లోపలికి దిగినట్టు కనబడాలి. మూడు బటన్లకీ ఒకేలా. స్కోరు పక్కన ‘-1’ ఒక క్షణం మెరిసి పోవాలి. కోత వల్ల ఉన్న పెద్ద లాభం ఇదే, పాయింట్లు రాకపోయినా స్కోరు కదులుతోంది కాబట్టి పేజీ బతికే ఉందని తెలుస్తుంది. ఒక మూల చిన్న చుక్క నెమ్మదిగా తిరుగుతూ ఉండేలా కూడా పెట్టండి. మిగిలిన సెకన్లు చూపించే గడియారం మాత్రం వద్దు. ‘ఇంకా 40 సెకన్లేగా’ అని చేతులు కట్టుకు కూర్చుంటారు, నొక్కులు తగ్గడం ఎక్స్‌టింక్షన్ వల్లో ఓపిక వల్లో మీకు తెలియదు.

స్కోరు సున్నా దగ్గర ఆగిపోయేలా రాయకండి. సున్నాకి చేరిన మనిషికి కోత ఉండదు, అక్కడి నుంచి నొక్కడం ఉచితం.

పాయింట్లు ఎప్పుడివ్వాలో చెప్పే షెడ్యూల్‌కి టైమర్ వాడుతున్నారా? వాడుతుంటే తీసేయండి. పర్ఫార్మెన్స్ డాట్ నౌ (బ్రౌజర్ ఇచ్చే కచ్చితమైన సమయం) విలువ ఒకటి దాచుకుని, నొక్కినప్పుడు మాత్రం ‘ఈ విరామం దాటిందా?’ అని సరిచూస్తే చాలు. టైమర్లు వెనక ట్యాబ్‌లో దారుణంగా సాగిపోతాయి. క్రోమ్ దాచిన ట్యాబ్‌లో టైమర్‌ని సెకనుకి ఒకసారికి తగ్గిస్తుంది, 5 నిమిషాలు దాటితే నిమిషానికి ఒకసారే. పాయింట్లు మెరిసే అరసెకను విరామపు గడియారాన్ని ఆపడం మర్చిపోకండి.

క్లిక్ బదులు పాయింటర్‌డౌన్ ఈవెంట్ (మౌస్ గానీ వేలు గానీ కిందికి దిగిన క్షణం) తీసుకోండి. బటన్ మీద ఫోకస్ ఉండగా ఎంటర్ కీ అదిమిపెట్టి ఉంచితే క్లిక్‌లు వరసగా పడిపోతూనే ఉంటాయి. ఇది తెలిసినవాళ్ళు కీ మీద బరువు పెట్టి టీ తాగుతారు.

డేటా సంగతి: జేఎస్‌సైక్ మామూలుగా అంతా బ్రౌజర్ మెమరీలో ఉంచి చివర్లో ఇస్తుంది. రీఫ్రెష్ కొడితే అన్నీ గల్లంతు. ప్రతి 30 సెకన్లకీ సర్వర్‌కి పంపండి. ఏ దశలో ఉన్నారో లోకల్ స్టోరేజ్‌లో (రీఫ్రెష్ కొట్టినా బ్రౌజర్‌లో మిగిలే చోటు) రాసి ఉంచండి. రీఫ్రెష్ కొట్టినవాళ్ళని మళ్ళీ మొదటి దశకి పంపడం అన్నిటికన్నా ప్రమాదం. వాళ్ళకి ఎరుపు మళ్ళీ పనిచేయడం మొదలవుతుంది, తర్వాత వచ్చేది కొత్త చరిత్ర. వాళ్ళని నేరుగా చివరి పేజీకి పంపి, పూర్తి డబ్బు ఇచ్చి, డేటా పక్కన పెట్టండి.

మీటనొక్కు

మూడో బటన్, 100 పాయింట్లు, చుక్క మూడూ చేర్చాం. రెండు సందేహాలు. విరామాల జాబితా ఎలా తయారుచేయాలి? 1 నుంచి 5 మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసుకుంటున్నాం ఇప్పుడు. రెండోది, ట్యాబ్ మారిస్తే దశ గడియారాన్ని ఆపాలా, నడవనివ్వాలా?

పావురంగూడు

1 నుంచి 5 వద్దండీ. అందులో 1 సెకను లోపు ఎప్పుడూ రాదు, 5 దాటి ఎప్పుడూ ఉండదు. మనుషులు దాన్ని పసిగడతారు, పాయింట్లు వచ్చాక ఒక్క క్షణం ఆగి మొదలుపెడతారు. ఫ్లెష్లర్, హాఫ్‌మన్ అనే పరిశోధకులు 1962లో ఇచ్చిన సూత్రం వాడండి. ఎంతసేపు గడిచినా తర్వాతి క్షణంలో పాయింట్లు వచ్చే అవకాశం దాదాపు సమానంగా ఉండేలా అది విరామాలు ఇస్తుంది. సగటు 3 సెకన్లు, 10 విరామాలు అనుకుంటే అన్నిటికన్నా చిన్నది సుమారు 0.16 సెకన్లు, పెద్దది సుమారు 9.9 సెకన్లు వస్తుంది. మీ కోడ్ ఇచ్చే సంఖ్యలు వీటితో సరిపోతున్నాయో చూసుకోండి. పదింటి వరసనీ పేకముక్కల్లా కలిపి వాడండి, పదీ అయిపోగానే మళ్ళీ కలపండి.

ఒక బటన్ నుంచి ఇంకోదానికి మారాక 1 సెకను దాకా పాయింట్లు ఇవ్వకండి. లేకపోతే రెండో దశలో ‘ఎరుపు, నీలం, పాయింట్లు’ అని జత కట్టేసుకుంటారు. ఎరుపు నొక్కడం కూడా లాభమే అనిపించి అసలు తగ్గదు.

రెండో ప్రశ్న తేలిగ్గా కనిపిస్తుంది గానీ మొత్తం ప్రయోగాన్నే ముంచగలదు. ఎక్స్‌టింక్షన్ మధ్యలో మనిషి రెండు నిమిషాలు లేచి వెళ్ళి తిరిగొచ్చాడనుకోండి. వచ్చాక నొక్కులు పెరుగుతాయి. పావ్‌లోవ్ కుక్కల్లో చూసిన స్పాంటేనియస్ రికవరీ అదే, విరామం వల్ల తనంతట తాను తిరిగిరావడం. గడియారం ఆపితే మీ డేటాలో ఆ రెండు నిమిషాలు కనబడవు, పెరుగుదల మాత్రం కనబడుతుంది. అది మూడో దశ మొదట్లో జరిగితే రిసర్జెన్స్ అని రాసేస్తారు. గడియారం నడవనివ్వండి, పేజీ దాగినప్పుడు, తిరిగి కనబడినప్పుడు చెప్పే విజిబిలిటీఛేంజ్ ఈవెంట్‌తో ప్రతి మాయాన్నీ (పేజీ దాగిన ప్రతిసారినీ) రాసుకోండి. రెండో దశ చివరి నిమిషం నుంచి మూడో దశ మొదటి నిమిషం దాకా ఒక్క మాయం ఉన్నా ఆ మనిషి డేటా వద్దు. ఈ నియమం డేటా చూడకముందే రాసి రిజిస్టర్ చేయాలి.

సందర్భం

రెన్యూవల్, అంటే సందర్భం మారడం వల్ల ఆరిపోయిన అలవాటు తిరిగిరావడం, కూడా ఇదే చట్రంలో చేసుకోవచ్చు. ఏబీఏ అంటే ఏ సందర్భంలో నేర్పించి, బీలో ఆర్పేసి, మళ్ళీ ఏలో పరీక్షించడం. ల్యాబ్‌లో సందర్భమంటే గది. ఆన్‌లైన్‌లో మనిషి అదే మంచం మీద అదే ల్యాప్‌టాప్‌తో కూర్చుని ఉంటాడు, మీ చేతిలో ఉన్నది తెర ఒక్కటే. కాబట్టి రంగు ఒక్కటే మార్చి ఊరుకోకండి. నేపథ్య చిత్రం, చట్రం, బటన్ల చుట్టూ గీతల డిజైను, అన్నీ ఒక్కసారిగా మారాలి. చిత్రాలన్నీ ముందే లోడ్ చేసి పెట్టాలి, ఒక్కోటి 200 కేబీ లోపు ఉండేలా కుదించండి. నెట్ నెమ్మదిగా ఉన్నచోట దశ మారాక ఒకటిన్నర సెకను తర్వాత చిత్రం ప్రత్యక్షమైతే, అసలు కీలకమైన మొదటి నొక్కులు పాత సందర్భంలో పడినట్టు.

చాలామంది చేసే తప్పు దశల మధ్య ‘తర్వాత’ బటన్‌తో సూచనల పేజీ పెట్టడం. ఆ పేజీయే ఒక సందర్భం. అది కనబడగానే ‘కొత్త ఆట మొదలైంది’ అనుకుంటారు. 3 సెకన్ల ఖాళీ తెర చాలు, అదీ ఏఏఏ సమూహానికి (సందర్భం మారనేమారదు), ఏబీబీ సమూహానికి (పరీక్ష కూడా బీలోనే) కూడా అంతే ఉండాలి.

తెలుగువాళ్ళతో చేస్తుంటే ఫోటోలుగా తిరుమల కొండ, విశాఖ బీచ్ లాంటివి పెట్టకండి. అవి తటస్థం కావు, ఒక్కొక్కరికి ఒక్కో జ్ఞాపకం. పేరులేని అడవి, పేరులేని గోడ నయం.

బటన్లు వద్దనుకునేవాళ్ళకి అంచనాల పద్ధతి ఉంది. ఒక హోటల్లో ఫలానా పదార్థం తింటే కడుపునొప్పి వచ్చింది, ఇంకో హోటల్లో అదే తింటే రాలేదు, మళ్ళీ మొదటి హోటల్లో తింటే వస్తుందా అని 0 నుంచి 100 దాకా అడగడం. హోటలే సందర్భం. ఇది ఫోన్లలో చక్కగా నడుస్తుంది. పదార్థాల ఎంపిక దగ్గర మాత్రం జాగ్రత్త. వంకాయ పెట్టారంటే అయిపోయింది. ‘వంకాయ పడదు, దురద పుడుతుంది’ అని చిన్నప్పటి నుంచీ విన్న మనిషికి మీరు 10 ట్రయల్స్‌లో ‘ఏమీ కాలేదు’ అని చూపించినా నమ్మకం దిగదు. గోంగూరా అంతే, పథ్యంలో ఉన్నవాళ్ళకి వద్దనే పదార్థం. పెసరట్టు మరోవైపు తూగుతుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. ఊహించి పెట్టిన ఆకుల పేర్లు వాడితే ఈ గొడవ ఉండదు.

తెలుగుసూచన

సూచనల గురించి ఎవరూ మాట్లాడలేదు. మనుషుల్లో ఎక్స్‌టింక్షన్ చెడిపోయేది సగం అక్కడే. ‘వీలైనన్నిసార్లు నొక్కండి’ అని రాస్తే అది ఆజ్ఞ. పాయింట్లు ఆగినా, కోత పడుతున్నా, ‘నొక్కమన్నారుగా’ అని నొక్కుతూనే ఉంటారు. ‘ఎక్కువ పాయింట్లు సంపాదించడం మీ పని’ అని రాయండి, ఎలా అనేది చెప్పకండి.

తెలుగులో క్రియ చివర చాలా తేడా తెస్తుంది. ‘బటన్ నొక్కితే పాయింట్లు వస్తాయి’ అన్నారంటే మాట ఇచ్చినట్టు. రాకపోతే మీ మాట తప్పు, లేదా పేజీ చెడింది. హ్యాంగ్ అయిందన్న ఫిర్యాదు అక్కడే పుడుతుంది. ‘నొక్కితే పాయింట్లు రావచ్చు, రాకపోవచ్చు, ప్రతి నొక్కుకీ ఒక పాయింటు పోతుంది’ అంటే సరి. ‘మధ్యలో కొంతసేపు పాయింట్లు ఆగుతాయి’ అని మాత్రం రాయకండి. ఆ వాక్యం చదివినవాళ్ళు మొదటి దశలోనే ఎప్పుడాగుతుందా అని కాచుకుంటారు.

సూచనలయ్యాక మూడు చిన్న ప్రశ్నలు పెట్టండి, ‘నొక్కితే ఎన్ని పాయింట్లు పోతాయి?’ లాంటివి. రెండుసార్లు తప్పితే అక్కడే మర్యాదగా ఆపి, అప్పటిదాకా గడిపిన సమయానికి డబ్బివ్వండి.

అసలు చెల్లింపు బోనస్ మీద ఆధారపడకూడదు. ఎక్స్‌టింక్షన్ అంటేనే మీరు కావాలని పాయింట్లు ఆపడం. ఆ కారణంగా ఒకరికి కూలి తగ్గితే అది అన్యాయం. గంట లెక్కన సరైన మొత్తం ముందే ఖాయం చేసి, బోనస్ దాని పైన ఉండాలి. చివర్లో ‘పాయింట్లు ఆపింది మేమే, మీ తప్పేమీ లేదు’ అని సూటిగా రాయాలి.

లెక్కలపద్దు

కొలతల దగ్గరికి వద్దాం. దశ మొత్తానికి సగటు తీయకండి. రిసర్జెన్స్ చాలాసార్లు మూడో దశ మొదటి 30, 40 సెకన్లలో లేచి పడిపోతుంది. 180 సెకన్ల సగటులో కలిపితే మాయం. 10 సెకన్ల ముక్కలుగా కోసి, రెండో దశ చివరి మూడు ముక్కల్ని మూడో దశ మొదటి మూడు ముక్కలతో పోల్చండి. ఎరుపు, బూడిద రెండింటికీ.

చాలామంది మొదటి దశ వేగానికి నిష్పత్తిగా చూపిస్తారు. నాకది నచ్చదు. మొదటి దశలో నిమిషానికి 12 నొక్కిన మనిషి మూడో దశలో 6 నొక్కితే 50 శాతం. నిమిషానికి 240 నొక్కినవాడు 24 నొక్కితే 10 శాతం. నెమ్మదైన మనిషి గ్రాఫ్‌లో రాక్షసుడిలా కనిపిస్తాడు. ముడి లెక్కలతోనే నెగటివ్ బైనామియల్ మిశ్రమ నమూనా (మనిషికీ మనిషికీ ఉన్న తేడాని కూడా లెక్కలోకి తీసుకునే, లెక్కింపు డేటాకి తగ్గ గణాంక పద్ధతి) నడపండి. అందులో బటన్, దశ, సమూహం, మనిషికో యాదృచ్ఛిక అంతరం (ఒక్కొక్కరి సొంత మొదటి స్థాయి) ఉండాలి. సున్నాలు కుప్పలుగా ఉంటాయి కాబట్టి మామూలు టీ-పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

తీసివేత నియమాలు మొదటి దశ మీదే ఆధారపడాలి. ‘చివరి నిమిషంలో ఎరుపు బూడిదని మించలేదు, కాబట్టి నేర్చుకోలేదు’ అనడం న్యాయం. ‘రెండో దశలో ఎరుపు తగ్గనివాళ్ళని తీసేశాం’ అనడం ప్రమాదం. యాదృచ్ఛికంగా తక్కువకి పడినవాళ్ళని ఏరుకున్నట్టవుతుంది, వాళ్ళు తర్వాత ఎలాగూ పైకి లేస్తారు, మీరు దాన్ని తిరగబెట్టడం అంటారు.

ఆటోక్లిక్కర్లని (మనిషి బదులు తామే నొక్కే ప్రోగ్రాముల్ని) పట్టుకోవడానికి నొక్కుకీ నొక్కుకీ మధ్య వ్యవధి చూడండి. మనిషి చేతికి ఊగిసలాట ఉంటుంది. వ్యవధుల ప్రామాణిక విచలనం సగటులో 5 శాతం లోపు ఉంటే అది చెయ్యి కాదు.

పావురంగూడు

లెక్కలపద్దు గారూ, నిష్పత్తి విషయంలో పూర్తిగా ఒప్పుకోలేను. రెండు సమూహాల మొదటి దశ వేగాలు వేరుగా ఉన్నప్పుడు ముడి లెక్క కూడా తప్పుదారి పట్టిస్తుంది.

లెక్కలపద్దు

నిజమే. అప్పుడు మొదటి దశ వేగాన్ని నమూనాలో సహచరంగా (లెక్కలోకి తీసుకునే అదనపు అంశంగా) పెట్టండి, దానితో భాగించకండి. ఇంకో మాట మర్చిపోయాను. ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారో దశలవారీగా, సమూహాలవారీగా రాయాలి. మూడో దశలో పాయింట్లు ఆగిన సమూహం విసిగి వెళ్ళిపోతుంది. నీలానికి వస్తూనే ఉన్న సమూహం ఉండిపోతుంది. మిగిలినవాళ్ళని మాత్రమే పోల్చితే ఓపికవంతుల్ని మామూలువాళ్ళతో పోల్చినట్టు.

మీటనొక్కు

ఫోన్లను అనుమతించాలా? తెలుగువాళ్ళని వాట్సాప్ లింకుతో పిలిస్తే ఎక్కువమంది దగ్గర ఉండేది ఫోనే.

టిక్‌టిక్

అనుమతించండి, కానీ కంప్యూటర్ డేటాతో కలపకండి. ఫోన్లో రెండు బొటనవేళ్ళతో రెండు బటన్లు ఒకేసారి నొక్కగలరు. ఒకటి కిందికి దిగి ఉండగా రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకండి, కానీ రికార్డు చేయండి. పేజీ స్టైల్‌లో టచ్-యాక్షన్ అనే సెట్టింగుని మానిప్యులేషన్‌గా పెట్టకపోతే వేగంగా నొక్కినప్పుడు తెర జూమ్ అయిపోతుంది, బటన్ వేలి కింద నుంచి జారిపోతుంది. ఫోన్ నిలువుగానే ఉండాలి. తిప్పితే బటన్ల దూరాలు మారతాయి. కాల్ వస్తే పేజీ దాగుతుంది, అదీ మాయం కిందే లెక్క.

తెలుగుసూచన

వాట్సాప్ లింకు ఇంట్లో పిల్లల చేతికి వెళ్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళు పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మొదటి పేజీలోనే వయసు అడిగి ఆపండి. బోనస్ యూపీఐలో పంపడానికి తీసుకున్న నంబర్లని ప్రయోగం డేటాతో ఒకే ఫైల్లో ఉంచకండి.

మీటనొక్కు

చివరి ప్రశ్న. ముందు 10 మందితో మళ్ళీ పైలట్ నడుపుతాం. నమూనాలు నడపడానికి ఆ 10 చాలవు. వాళ్ళ డేటాలో ఏం చూడాలి?

పావురంగూడు

ఒక్కొక్కరి సంచిత రేఖ గీయండి, మూడు బటన్లకి మూడు రంగుల్లో. అడ్డంగా సెకన్లు, నిలువుగా అప్పటిదాకా నొక్కిన మొత్తం. కాగితం మీద ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకోండి. రెండో దశ మొదలయ్యాక ఎరుపు గీత ఇంకాస్త పైకి పాకి, వంగి, చదునవ్వాలి. అలా చదునవ్వకుండా మూడో దశ వచ్చేస్తే 3 నిమిషాలు చాలట్లేదన్నమాట, 5 చేయండి.

తర్వాత మూడో దశ మొదటి 40 సెకన్లు పెద్దవి చేసి, నొక్కుల వరసని అక్షరాల్లా చదవండి. ఎరుపు, బూడిద, నీలం, ఎరుపు, బూడిద, నీలం అని ఒక్కోటి ఒక్కసారి, మధ్యలో సెకనో రెండో ఆగుతూ వెళ్తే ఆ మనిషి పేజీని తట్టి చూస్తున్నాడు. రెండు మూడు చుట్లయ్యాక మానేస్తాడు లేదా రీఫ్రెష్ కొడతాడు. నీలం వడివడిగా 10, 15 నొక్కి, ఒక్క క్షణం ఆగి, ఎరుపు మీదకెళ్ళి వరసగా 8, 10 నొక్కి, మళ్ళీ నీలానికొచ్చి, మళ్ళీ ఎరుపుకెళ్ళి, ఈ మధ్యలో బూడిద గీత నేలకి అంటుకునే ఉంటే మీరు వెతుకుతున్నది అదే. పదిమందిలో ఎక్కువమంది మొదటి రకంగా కనబడితే ఇంకా డబ్బు ఖర్చుపెట్టకండి. చుక్క తిరుగుతోందా, ‘-1’ కనబడుతోందా, సూచనలో ‘వస్తాయి’ అని ఎక్కడైనా మిగిలిపోయిందా చూసి, ఇంకో పదిమందితో నడపండి.